పత్రంలో ఒక్కరికే చోటు ఉంది, ఇంట్లో ఇద్దరం తల్లులం ఎలా కావాలి?

ప్రశ్న: టీచరమ్మ, నల్లగొండ

నా వయసు 36. నల్లగొండకు దగ్గరలోని ఒక ఊరిలో ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలిని. నా సహచరి నాకన్నా రెండేళ్లు చిన్నది, పట్టణంలో స్టాఫ్ నర్సుగా పనిచేస్తుంది. ఎనిమిదేళ్లుగా పానగల్లు రోడ్డులోని ఒక కిరాయి ఇంట్లో ఇద్దరం ఒక్క కుటుంబంగా బతుకుతున్నాం. ఒకటే పొయ్యి, ఒకటే స్కూటీ, ఒకటే అప్పు. ఇంటి యజమానురాలు మమ్మల్ని టీచరమ్మ, నర్సమ్మ అని పిలుస్తుంది. మేము స్నేహితులమనే ఆమె అనుకుంటుంది, లేదా అనుకుంటున్నట్టు ఉంటుంది. ఎందుకంటే మాలో ఎవరికైనా సంబంధం మాట్లాడటానికి వచ్చినవారిని మా దాకా రానివ్వకుండా గేటు దగ్గరే సాగనంపేది ఆమెనే.

బిడ్డ కావాలన్న మాట మొదట అన్నది నేను కాదు, తను. రెండేళ్ల క్రితం బతుకమ్మ పండుగనాడు, నేను బడి దారిలో కోసుకొచ్చిన తంగేడు పూలను తాంబాళంలో పేరుస్తూ, ‘మన ఇంట్ల ఇది ఎవరికి నేర్పుతం’ అని అడిగింది. నేను నవ్వి ఊరుకున్నాను కాని ఆ మాట ఇంట్లోంచి పోలేదు.

దేశంలోని దత్తత నిబంధనల ప్రకారం పెండ్లయిన జంటకు తప్ప మరే జంటకూ కలిపి బిడ్డను ఇవ్వరని, ఒంటరి మహిళ మాత్రం దరఖాస్తు చేసుకోవచ్చునని చదివాను. అయితే ఒంటరి అన్న గడిలో టిక్కు పెట్టడానికి నాకు చెయ్యి రావడం లేదు. అది చట్టం దృష్టిలో నిజమా, లేక మా ఇద్దరి దృష్టిలో అబద్ధమా తేల్చుకోలేకపోతున్నాను. ఇంటి పరిశీలనకు వచ్చే సామాజిక కార్యకర్తకు రెండో మనిషి గురించి ఏం చెప్పాలి? తనను నాలుగు రోజులు వాళ్ల అక్క ఇంటికి పంపించి, తన బట్టలు బీరువాలోంచి తీసేయమని ఒక స్నేహితురాలు సలహా ఇచ్చింది. ఆ రాత్రి తను ఏమీ అనలేదు. తెల్లవారి నేను లేచేసరికి తన చీరలూ యూనిఫారాలూ మడతపెట్టి ఒక సంచిలో సర్ది ఉన్నాయి. ఆ సంచి ఇంకా మంచం కిందే ఉంది.

ఇంకో సంగతి కూడా దాచకుండా చెబుతాను. మా బడిలో పనిచేసే ఆయా, ఒక తండాలో ఫలానా ఇంట్లో మూడో ఆడపిల్ల పుట్టిందని, మాట్లాడమంటే మాట్లాడతానని అన్నది. నేను అవుననలేదు, కాదనీ అనలేదు.

బిడ్డ నా పేరు మీద వచ్చిన తర్వాత నాకేమైనా అయితే, నా సహచరి చేతిలో ఆ బిడ్డ ఉంటుందా? లేక మా తమ్ముడు వచ్చి తీసుకుపోతాడా? మా అమ్మ దేవరకొండ దగ్గర మా ఊళ్లోనే ఉంటుంది. ఆమెకు మా సంగతి నాలుగేళ్లుగా తెలుసు. మొన్న పండుగకు వెళ్లినప్పుడు, ‘బిడ్డను తెచ్చుకో, నేను సాకుత. ఊరికి ఏమని చెప్పాల్నో మాత్రం నువ్వే చెప్పు’ అన్నది. దానికి నా దగ్గర జవాబు లేదు. తెలిసినవారు దయచేసి రాయగలరు.

జవాబు: బాలల సంరక్షణ విభాగంలో ఒకప్పటి ఉద్యోగిని, మహబూబ్‌నగర్

అమ్మా, మీరు మధ్యలో దాచకుండా చెప్పిన సంగతి దగ్గరే మొదలుపెడతాను, అన్నిటికన్నా ప్రమాదం అక్కడే ఉంది. ఆ ఆయాకు ఈ రోజే గట్టిగా వద్దని చెప్పండి. మీ దేవరకొండ, చందంపేట తండాల లంబాడీ ఆడశిశువులు దళారుల చేతులు మారి హైదరాబాద్ చేరడం, అక్కడినుంచి విదేశీ దత్తతలకు వెళ్లడం 1999లోను, మళ్లీ 2001లోను ఎంత దుమారం రేపిందో ఆ ప్రాంతంవారిగా మీరు వినే ఉంటారు. అప్పుడు కూడా మొదటి మాట ఇలాగే, ఎవరో తెలిసిన మనిషి, జాలితో, మాట్లాడమంటే మాట్లాడతానన్నట్టుగానే మొదలయ్యేది. 2015 నాటి బాలల న్యాయ చట్టంలో, పద్ధతి తప్పి బిడ్డను ఇచ్చినా తీసుకున్నా 80వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు, డబ్బు చేతులు మారితే 81వ సెక్షన్ కింద అయిదేళ్ల వరకు జైలు శిక్ష ఉంది. ఆ తల్లి నిజంగానే సాకలేని స్థితిలో ఉంటే బాలల సంక్షేమ కమిటీ ముందు బిడ్డను అప్పగించవచ్చు. మనసు మార్చుకోవడానికి ఆమెకు 60 రోజుల గడువు ఉంటుంది. ఆ తర్వాత ఆ బిడ్డ దేశవ్యాప్త వరుసలో ఉన్నవారికి వెళుతుంది తప్ప మీకే రావాలని లేదు. ఆయాతో కూర్చుని మాట్లాడదలిస్తే ఆ తల్లికి ఈ దారి ఉందని, పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయవచ్చునని చెప్పమనండి.

ఇక మీ దరఖాస్తు. 2022 నాటి దత్తత నిబంధనల ప్రకారం ఒంటరి మహిళ ఆడపిల్లనైనా మగపిల్లవాడినైనా దత్తత తీసుకోవచ్చు. ఒంటరి పురుషుడికి ఆడపిల్లను ఇవ్వరు. రెండేళ్ల లోపు బిడ్డ కావాలంటే ఒంటరి దరఖాస్తుదారు వయసు 40 దాటకూడదు, రెండు నుంచి నాలుగేళ్ల బిడ్డకు 45, నాలుగు నుంచి ఎనిమిదేళ్ల బిడ్డకు 50. చిన్న బిడ్డ కోసం ఎదురుచూపు మూడేళ్లకు పైగానే సాగుతుంది కాబట్టి 36 ఏళ్ల వయసులో మీరు ఇంకో రెండు బతుకమ్మలు ఆలోచిస్తూ కూర్చోవడానికి లేదు. నాలుగైదేళ్ల బిడ్డకైనా సిద్ధపడితే దారి వెడల్పవుతుంది. టీచరు కాబట్టి మీకు ఆ వయసు పిల్లలు కొత్త కాదు.

సంచి గురించి రాసింది చదివి కాసేపు ఆగిపోయాను. ఈ పనిలో పదకొండేళ్లు ఇళ్లు తిరిగినదాన్ని. దాచిన మనిషి ఆ ఇంట్లో కనిపించకుండా పోదు. స్నానాల గదిలో రెండు బ్రష్షులుంటాయి, గోడకు రెండో మనిషి ఎత్తులో కొట్టిన మేకు ఉంటుంది, పక్కింటావిడ నర్సమ్మ ఏదని అడుగుతుంది. ఒకవేళ ఆ రోజు గడిచినా, బిడ్డ వచ్చిన తర్వాత రెండేళ్లపాటు ఆరు నెలలకోసారి ఎవరో ఒకరు వచ్చి చూసి నివేదిక రాస్తారు. ఆ నాలుగుసార్లూ తను సంచి పట్టుకుని అక్క ఇంటికి వెళ్లాలా? మాటలు వచ్చిన బిడ్డ ఆ కార్యకర్త ముందే ‘అమ్మ ఏది’ అని అడిగితే ఏమంటారు? ఇంట్లో ఎవరెవరు ఉంటారు, ఆదాయం ఎంత, మీరు బడికి పోయినప్పుడు బిడ్డను ఎవరు చూస్తారు అన్నవి పరిశీలనలో తప్పక అడుగుతారు. అక్కడ తన పేరు, వృత్తి, ఎనిమిదేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్న సంగతి రాయించండి. మీ బంధానికి మీరే ముందుగా పేరు పెట్టి చెప్పాలా అన్నది మీ నిర్ణయం. అడిగితే మాత్రం అబద్ధం చెప్పవద్దు.

ఒంటరి దరఖాస్తుకు మరొక కాగితం కావాలి. మీకేమైనా అయితే బిడ్డను చూసుకుంటానని ఒక బంధువు హామీపత్రం రాసి సంతకం పెట్టాలి. మీరు మీ తమ్ముడి గురించి భయపడుతున్నారు కాని ఆ సంతకం కోసం మీరు వెళ్లవలసింది బహుశా ఆయన దగ్గరికే.

జవాబు: న్యాయవాది, మిర్యాలగూడ

పైన రాసిన అక్కతో నేను ఏకీభవిస్తాను. అయితే నిజం చెప్పడంలో ఉన్న ప్రమాదాన్ని కూడా మీరు తెలుసుకునే ముందుకు వెళ్లాలి.

2018 సెప్టెంబర్ 6న నవ్‌తేజ్ సింగ్ జోహార్ కేసులో సుప్రీంకోర్టు, స్వలింగ సంబంధాన్ని నేరంగా చూసే 377వ సెక్షన్‌ను పక్కకు తప్పించడంతో మీ సహజీవనం నేరం కాకుండా పోయింది. అంతవరకే. పెండ్లి కోసం వేసిన సుప్రియో కేసులో 2023 అక్టోబర్ 17న వచ్చిన తీర్పు అడుగు ముందుకు వేయలేదు. దానిలో మొదటి పిటిషనర్లు హైదరాబాద్‌కు చెందిన జంటే. 2021 డిసెంబర్‌లో వికారాబాద్ దగ్గర వాళ్లు జరుపుకున్న వేడుక గురించి పత్రికలన్నీ రాశాయి, అంటే ఇది ఎక్కడో బొంబాయి, ఢిల్లీల ముచ్చట కాదు. పెండ్లి ప్రాథమిక హక్కు కాదని అయిదుగురు న్యాయమూర్తులూ అన్నారు. దత్తత విషయంలో మాత్రం ధర్మాసనం ముగ్గురు ఇద్దరుగా చీలింది. రెండేళ్ల స్థిరమైన వైవాహిక బంధం ఉన్న జంటకే బిడ్డను ఇవ్వాలన్న 5(3) నిబంధన చెల్లదని అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ చంద్రచూడ్, జస్టిస్ కౌల్ భావించారు. జస్టిస్ రవీంద్ర భట్, జస్టిస్ హిమా కోహ్లీ, జస్టిస్ నరసింహ దానిని రద్దు చేయలేదు. పెండ్లి కాకుండా కలిసి ఉండే జంటలను దూరం పెట్టిన, దత్తతలను చూసే కేంద్ర సంస్థ కారా సర్క్యులర్ కూడా అలాగే నిలిచింది. పునస్సమీక్ష పిటిషన్లను 2025 జనవరిలో కొట్టేశారు. కాబట్టి మీ జంట సంగతి తెలిసిన అధికారి దానినే అడ్డుగా చూపి మీ ఫైలు పక్కన పెట్టే అవకాశం ఉంది. అలా జరిగితే కారణాన్ని రాతపూర్వకంగా అడిగి తీసుకోండి.

మీ పోరాటానికి పనికివచ్చే మాట ఆ మెజారిటీ తీర్పులోనే ఒకటి ఉంది, దాన్ని చాలామంది చదవకుండా వదిలేస్తారు. ఒంటరిగా దత్తత తీసుకున్న వ్యక్తి తర్వాత పెండ్లి కాని బంధంలో జీవిస్తున్నప్పుడు, ఆ వ్యక్తికి ఏదైనా జరిగితే బిడ్డ ఎటూ కాకుండా పోయే ప్రమాదం ఉందని, ఇటువంటి కుటుంబాల వాస్తవాన్ని కారా, కేంద్ర ప్రభుత్వం పరిగణించాలని జస్టిస్ భట్ రాశారు. అంటే మీరు అడిగిన ప్రశ్నే ఆయన కలం కింద కూడా వచ్చింది, జవాబు మాత్రం ప్రభుత్వానికి వదిలేశారు.

ఒంటరి అన్న గడి గురించి మీ మనసు కష్టపెట్టుకోకండి. నా ఉద్దేశంలో ఆ గడి అడిగేది వైవాహిక స్థితిని. మీకు పెండ్లి కాలేదు, అది నిజం. మీ ఇంట్లో ఎవరున్నారన్నది వేరే ప్రశ్న, దానికి వేరే జవాబు.

మీ తర్వాత బిడ్డ ఎవరి దగ్గర ఉండాలన్నది ఇప్పుడే కాగితం మీద పెట్టాలి. మీ సహచరిని బిడ్డ సంరక్షకురాలిగా కోరుతున్నట్టు వీలునామా రాసి, ఇద్దరు సాక్షుల సంతకాలతో రిజిస్టర్ చేయించండి. అది ఉన్నంత మాత్రాన బిడ్డ తనంతట తాను ఆమె చేతికి రాదు. ఆమె జిల్లా కోర్టులో 1890 నాటి సంరక్షకుల చట్టం కింద దరఖాస్తు వేయాలి. ఆ చట్టం 17వ సెక్షన్‌లో బిడ్డ సంక్షేమమే ప్రధానమని, చనిపోయిన తల్లి లేదా తండ్రి కోరికనూ, ఊహ తెలిసిన బిడ్డ ఇష్టాన్నీ కోర్టు చూడవచ్చునని ఉంది. అందుకే వీలునామాతో పాటు, ఆమె బిడ్డను సాకినట్టు చూపే కాగితాలు పోగుచేస్తూ పోవాలి. టీకాల కార్డు మీద తీసుకొచ్చినవారి పేరు, బడి ఫీజు రసీదు, తల్లిదండ్రుల సమావేశంలో సంతకం, ఇటువంటివి ఒక ఫైలులో దాచండి. కోర్టులో ఇరవై పేజీల వాదన కన్నా ఆ ఫైలు ఎక్కువ మాట్లాడుతుంది.

ఆమె ఆస్తి కూడా బిడ్డకు తనంతట తాను రాదు, మీ ఆస్తి ఆమెకూ రాదు. ఇద్దరూ విడివిడిగా వీలునామాలు రాయాలి. బ్యాంకులో నామినీగా పెట్టుకుంటే సరిపోతుందని అనుకోకండి. నామినీ సొమ్ము అందుకునే మనిషే తప్ప వారసుడు కాదు. 2024 ఆగస్టులో కేంద్ర ఆర్థిక శాఖ, క్వీర్ వ్యక్తులు ఉమ్మడి ఖాతా తెరవడానికి, భాగస్వామిని నామినీగా పెట్టడానికి ఎటువంటి అడ్డూ లేదని స్పష్టం చేసింది. రేషన్ కార్డు విషయంలో కూడా ఇటువంటి భాగస్వాములను ఒకే కుటుంబంగా చూడాలని అదే సమయంలో రాష్ట్రాలకు చెప్పారు. చిన్నవే కాని ఒకే ఇల్లు అనడానికి ఇవి రుజువులు. 2025 మేలో మద్రాస్ హైకోర్టు, కుటుంబం ఏర్పడటానికి పెండ్లి ఒక్కటే మార్గం కాదని, మనుషులు తాము ఎంచుకున్నవారితో కుటుంబమవుతారని అన్నది. అది మన హైకోర్టును కట్టిపడేయదు కాని చూపించుకోవడానికి ఉంది.

తండా బిడ్డ గురించి ఒక్క మాట. హిందూ దత్తత చట్టం కింద దస్తావేజు రాసుకుంటే చాలని ఎవరైనా చెప్పవచ్చు. 1956 నాటి ఆ చట్టం 2వ సెక్షన్ షెడ్యూల్డ్ తెగలను మినహాయించింది, మన రాష్ట్రంలో లంబాడీలు షెడ్యూల్డ్ తెగ. ఆ దస్తావేజును నమ్ముకుంటే రేపు బిడ్డే చేజారిపోవచ్చు.

దత్తత కాకుండా ఇంకో దారి కూడా ఉంది. 2021 నాటి సహాయక పునరుత్పత్తి చట్టం ప్రకారం 21 నుంచి 50 ఏళ్ల లోపు మహిళ, పెండ్లి కాకపోయినా, దాత వీర్యంతో చికిత్స పొందవచ్చు. సరొగసీ మాత్రం మీకు కుదరదు, ఒంటరి మహిళల్లో భర్త చనిపోయినవారికీ విడాకులు పొందినవారికీ, అదీ 35 నుంచి 45 ఏళ్ల మధ్యనే అవకాశం. ఏ దారిలో వచ్చినా బిడ్డకు చట్టం దృష్టిలో తల్లి ఒక్కరే.

జవాబు: విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, దేవరకొండ

అమ్మా, నీ వయసు కూతురు నాకు ఉంది కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను. మీ ఇద్దరి బతుకు మీది, దాని మీద నాకు తీర్పు లేదు, చెప్పే హక్కూ లేదు. నా దిగులంతా బిడ్డ గురించే. ముప్పై మూడేళ్లు బడిలో ఉన్నవాణ్ని, పిల్లలు ఎంత కఠినంగా ఉంటారో నాకు తెలుసు. తండ్రి తాగుబోతు అయితే ఒక పేరు, తల్లి వదిలేసి పోతే ఒక పేరు, చేతివేళ్లు ఫ్లోరైడ్‌తో వంకరపోతే ఒక పేరు. ఇద్దరు అమ్మలున్న పిల్లకు ఇంకేం పేరు పెడతారో నేను ఊహించగలను. పట్నంలో అయితే ఆ పిల్ల గుంపులో కలిసిపోతుంది, మన ఊళ్లలో చెరువుగట్టు జాతరకు పోయినా ఎవరి బిడ్డవని పదిమంది అడుగుతారు. మీ ధైర్యానికి అయ్యే ఖర్చు ఆ బిడ్డ లెక్కలో పడుతుందేమో ఆలోచించు. కనీసం హైదరాబాద్‌కు బదిలీ పెట్టుకున్న తర్వాత ఈ పని మొదలుపెడితే మంచిదని నా అభిప్రాయం.

జవాబు: మక్తల్ వైపు మనిషి

సార్ రాసింది చదివి జవాబు రాయకుండా ఉండలేకపోతున్నాను.

నా తల్లి జోగిని. ఎనిమిదేళ్ల వయసులో ఆమెను గుడికి వదిలారు. జోగినిగా మార్చడాన్ని నిషేధిస్తూ 1988లో చట్టం వచ్చింది కాని నేను అప్పటికే పుట్టాను. నన్ను పెంచింది ఇద్దరు ఆడవాళ్లు, మా అమ్మ, ఆమెలాగే వదిలేయబడ్డ ఇంకొక జోగిని. నేను ఒకరిని అమ్మ అని, ఇంకొకరిని అవ్వ అని పిలిచేదాన్ని. వాళ్లు జంట కాదు, నా తల్లి బతుకును మీ బతుకుతో పోల్చడమూ లేదు. ఆమెది ఎవరో నెత్తిన పెట్టిన బతుకు, మీది మీరు కోరుకున్నది. నేను చెప్పదలచింది బడి గురించి.

బడిలో వేసిన రోజు రిజిస్టర్‌లో తండ్రి పేరు అడిగారు. అమ్మ తల వంచుకుని నిలబడింది. అవ్వ ముందుకు వచ్చి గుడిలో దేవుడి పేరు చెప్పింది, సారు నవ్వుకుంటూ అదే రాశాడు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుర్తుంది. పిల్లలు నన్ను ఏడాది పాటు ఏదో ఒకటి అన్నారు, తర్వాత మరిచిపోయారు, ఎందుకంటే వాళ్లకు గోలీలాటలో నేను కావాలి. పెద్దవాళ్లే మరిచిపోలేదు. నేను పక్కనుంచి పోతే గొంతు తగ్గించేది వాళ్లు, పిల్లలకు ఆ పేర్లు అందించేది వాళ్లు. పిల్లలు కఠినంగా ఉంటారని సారు అన్నారు. వాళ్లకు ఆ మాటలు అంగన్‌వాడీలో నేర్పరు కదా సార్?

ఇంకో మాట. మాది పాలమూరు. మా వాడలో తల్లిదండ్రులు బొంబాయికి, పూణేకు పనికి పోతే పిల్లలు నాయనమ్మల దగ్గర, మేనత్తల దగ్గర పెరిగేవారు, దసరాకో సంక్రాంతికో నాయన మొఖం చూసేవారు. ఇద్దరు ఆడవాళ్లు కలిసి సాకిన పిల్లలు మా వాడలో సగం మంది. దాన్ని ఎవరూ వింత అనలేదు. వింత అంటున్నది ఆ ఇద్దరూ ఒకరినొకరు కోరుకున్నారన్న ఒక్క సంగతిని.

టీచరమ్మా, అడ్మిషన్ రిజిస్టర్ రాసేది మీరే కదా. రేపు మీ బడికి తండ్రి పేరు చెప్పలేని తల్లి వస్తే, మీ పెన్ను ఆ గడి దగ్గర ఎంతసేపు ఆగుతుందో చూసుకోండి. మీ బిడ్డ బడిలో చేరేనాటికి అక్కడ ఎటువంటి సారు కూర్చుని ఉండాలని కోరుకుంటారో అలాగే రాయండి.

పిలుపు గురించి మీరు అడగలేదు కాని చెబుతాను. పెద్దమ్మ, చిన్నమ్మ అని మనకు మాటలు ఎప్పటినుంచో ఉన్నాయి, రెండింటిలోనూ అమ్మ ఉంది. తను మీకన్నా చిన్నది కాబట్టి చిన్నమ్మ అంటే ఊరికి అర్థం అవుతుంది. ఇంట్లో బిడ్డ ఏమని పిలవాలో బిడ్డనే తేల్చుకోనివ్వండి.

జవాబు: పిల్లల డాక్టర్, మహబూబ్‌నగర్

క్లుప్తంగా. సార్ దిగులు సహజమే, అయితే ఈ విషయంలో పరిశోధన లేకపోలేదు. అమెరికాలోని పిల్లల వైద్యుల అకాడమీ 2013లో ఈ అధ్యయనాలన్నీ పరిశీలించి, పిల్లల ఎదుగుదలను నిర్ణయించేది తల్లిదండ్రులతో వారికున్న అనుబంధం, ఆ ఇంటికి దొరికే సామాజిక, ఆర్థిక ఆసరా తప్ప తల్లిదండ్రుల లైంగికత కాదని ప్రకటించింది. భారత మానసిక వైద్యుల సంఘం స్వలింగ సంపర్కం జబ్బు కాదని 2018లోనే చెప్పి, 2023లో పెండ్లి, దత్తత హక్కులను సమర్థిస్తూ మాట్లాడింది. సార్ చెప్పిన ఎగతాళి నిజమే, కాని దానికి మందు బిడ్డను తెచ్చుకోకపోవడం కాదు, ఇంట్లో మాట దాచకపోవడం. నా దగ్గరికి వచ్చే దత్తత పిల్లల్లో కుంగిపోయినవారు చాలామంది, తాము దత్తత అన్న సంగతిని పదమూడో ఏట పక్కింటివాళ్ల నోట విన్నవారే. మూడేళ్లకే కథలా చెప్పడం మొదలుపెట్టండి, చిన్నమ్మ ఎవరన్నది కూడా ఆ కథలోనే రావాలి.

విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, దేవరకొండ

మక్తల్ అమ్మా, ఆ రిజిస్టర్లు నేనూ రాశాను. నీలాంటి పిల్ల వచ్చిన రోజు నవ్వానో లేదో గుర్తు చేసుకుంటున్నాను, గుర్తు రావడం లేదు. బదిలీ మాట వెనక్కి తీసుకుంటున్నాను. దిగులు మాత్రం అలాగే ఉంది, దాన్ని దిగులుగానే తీసుకోండి.

టీచరమ్మ, నల్లగొండ

అందరికీ కృతజ్ఞతలు. ఆయాకు నిన్ననే చెప్పాను. మొదట మొఖం చిన్నబుచ్చుకున్నది. తర్వాత కమిటీ దగ్గరికి ఆ తల్లితో పాటు మీరూ వస్తారా అని అడిగింది. వస్తానన్నాను.

ఆదివారం ఊరికి వెళ్లి తమ్ముడితో మాట్లాడాను. మా సంగతి తెలిసీ తెలియనట్టు ఉండే మనిషి, ఎదురుగా చెప్పాల్సి వచ్చేసరికి నాకు గొంతు పెగలలేదు, అమ్మే చెప్పింది. అతను చాలాసేపు గోడ మీది క్యాలెండర్ చూశాడు. ఆ తర్వాత అడిగిన మొదటి ప్రశ్న, ఆ బిడ్డకు మన రెండెకరాల పత్తి చేనులో వాటా వస్తుందా అని. నాకు కోపం రావాలి కాని నవ్వు వచ్చింది. ఇన్నేళ్లు నేను భయపడ్డ ప్రశ్న అది కాదు. వాటా సంగతి రాసి ఇస్తే సంతకం పెడతానంటున్నాడు. రాసి ఇవ్వాలా?

ఊరికి ఏం చెప్పాలన్నది ఇంకా తేలలేదు. టీచరమ్మ అనాథ బిడ్డను తెచ్చుకున్నది, నర్సమ్మ సాయంగా ఉంటది అని చెబుతానని అమ్మ అంటోంది. నా సహచరికి ఆ సాయం అన్న మాట నచ్చలేదు. అయినా అమ్మ వయసును చూసి సరే అన్నది. బట్టలు మాత్రం తీసి బీరువాలో పెట్టింది.

న్యాయవాది, మిర్యాలగూడ

వాటా వదులుకుంటున్నట్టు ఇప్పుడు ఏమీ రాసి ఇవ్వకండి. దత్తత బిడ్డ మీకు వారసురాలు అవుతుంది, మీ తమ్ముడికి కాదు. ఆ చేనులో మీకున్న హక్కు ఎంతో తేలకుండా, బిడ్డ రాకముందే బిడ్డ వాటా గురించి కాగితం పుట్టించడం తగదు. ఆయనను నాకు ఫోన్ చేయమనండి, అరగంటలో నచ్చజెబుతాను. హామీపత్రంలో ఆయన రాయాల్సింది బిడ్డను చూసుకుంటానన్న మాటే. వీలునామా గురించి ఆయనకు కూడా తెలియనివ్వండి, రేపు కోర్టులో ఆయన అభ్యంతరం లేదంటే మీ సహచరికి సగం పని తగ్గుతుంది.

సంరక్షణ విభాగంలో ఒకప్పటి ఉద్యోగిని, మహబూబ్‌నగర్

మీ అమ్మ మాటకు నేను ఓటు వేస్తాను. ఊరికి ఒక్కసారే అంతా చెప్పాలని లేదు, అబద్ధం లేకుండా ఉంటే చాలు. సాయం అన్న మాటను ఆ బిడ్డే ఏదో ఒక రోజు ఊరి ముందర సరిదిద్దుతుంది.

దరఖాస్తు కారా పోర్టల్‌లో మీరే ఆన్‌లైన్‌లో పెట్టుకోవచ్చు, దళారి అక్కర్లేదు. పాన్ కార్డు, జీతం ధృవపత్రం, వైద్యుడి ధృవపత్రం, నివాస రుజువు, తెలిసినవారు ఇద్దరి పరిచయ లేఖలు ముందే స్కాన్ చేసి పెట్టుకోండి. పరిచయ లేఖ ఒకటి మీ ఇంటి యజమానురాలిని అడగండి, గేటు దగ్గర అంతమందిని సాగనంపిన మనిషి ఇది కాదనదు. పరిశీలన నివేదిక మూడేళ్లు చెల్లుతుంది, మధ్యలో ఇల్లు మారితే తప్పక చెప్పాలి. దత్తత ఉత్తర్వు 2022 సెప్టెంబర్ నుంచి కోర్టు బదులు జిల్లా కలెక్టరే ఇస్తున్నారు, కాబట్టి అన్నిటికీ నల్లగొండ దాటి పోనక్కర్లేదు. జిల్లా బాలల సంరక్షణ విభాగంలో ఒకసారి కూర్చుని మాట్లాడి వస్తే మంచిది. సోమవారం మాత్రం పోవద్దు, కలెక్టరేట్‌లో ప్రజావాణి ఉంటుంది, ఎవరికీ తల ఎత్తే తీరిక ఉండదు. మంగళవారం పొద్దున, మీ ఇద్దరూ కలిసి వెళ్లండి.